లైట్ రెట్టింపు చేస్తే స్టాపింగ్ పొటెన్షియల్ ఎందుకు పెరగదు?

తమ్ముడూ, సోడియం లోహం మీద కాంతి పడితే ఎలక్ట్రాన్లు బయటికొచ్చే ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్ లెక్కలో, 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి తీవ్రత రెట్టింపైతే స్టాపింగ్ పొటెన్షియల్ (అలా వచ్చే ఎలక్ట్రాన్లను పూర్తిగా ఆపేసే వోల్టేజి) కూడా రెట్టింపై 1.64 వోల్టులు అవుతుందని రాశావు. తప్పు అక్కడే ఉంది. మొదటి బిట్ సరిగ్గానే చేశావు: 1240ని (తరంగదైర్ఘ్యం నుంచి శక్తి లెక్కగట్టే స్థిరాంకం) 400తో భాగిస్తే ఫోటాన్ (కాంతి కణం) శక్తి 3.1 ఎలక్ట్రాన్ వోల్టులు, అందులో వర్క్ ఫంక్షన్ (ఎలక్ట్రాన్ లోహం వదిలి రావడానికి కావాల్సిన కనీస శక్తి) 2.28 తీసేస్తే 0.82. కాబట్టి స్టాపింగ్ పొటెన్షియల్ 0.82 వోల్టులు. తీవ్రత పెంచినా అంతే.

విజయనగరం కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు ఎక్కుతున్నావనుకో. టికెట్టు ధరే వర్క్ ఫంక్షన్. ఒక్కో ఎలక్ట్రాన్‌కి దొరికేది ఒక్క నోటే, అదే ఫోటాన్. టికెట్టు పోగా మిగిలిన చిల్లర గరిష్ఠ గతిశక్తి. జనం రెట్టింపైతే బస్సెక్కేవాళ్లు పెరుగుతారు, అంటే కరెంటు పెరుగుతుంది. అంతేగానీ ఒక్కొక్కరి జేబులో చిల్లర పెరగదు కదా! దానికి పెద్ద నోటు కావాలి, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ. 1905లో ఐన్‌స్టీన్ చెప్పింది ఇదే. (ఫస్టియర్‌లో నేనూ ఇక్కడే బోల్తాపడ్డాను, టెన్షన్ పడకు.)

ఇక 600 నానోమీటర్ల బిట్. ఫోటాన్‌కి 2.07 మాత్రమే, టికెట్టుకే చాలదు. ఎంత వెలుగు వేసినా ఎలక్ట్రాన్ బయటికి రాదు.