అద్దం గీత ఎక్కడ గీయాలి?

ఛాయాచిత్రకళ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఊరి చెరువు గట్టు మీది మర్రిచెట్టును సాయంత్రం పూట ఫోనుతో తీశాను. ఆ ఫొటోను అద్దంలో ప్రతిబింబంలా తిరగేసి అసలు ఫొటో పక్కన అతికిస్తే ఊడలన్నీ కలిసి గోపురంలా కనిపిస్తాయని విని ప్రయత్నించాను. కానీ మధ్యలో నిలువునా ఒక నల్లటి చార వచ్చింది. చిత్రం కూడా పరదా గుడ్డ మీది అచ్చులా జీవం లేకుండా ఉంది. రెండు ఫొటోలూ పంపుతున్నాను. తప్పు ఎక్కడ జరిగింది?
(ఒక పాఠకురాలు, సామర్లకోట)

జవాబు: ఆ నల్లచారలో మీ తప్పేమీ లేదు, అది లెన్సు గుణం. లెన్సు నుంచి చిత్రం నడిమి భాగానికి చేరినంత వెలుతురు అంచులకూ మూలలకూ చేరదు. ఫోను ఆ లోటును కొంతవరకు సరిచేస్తుంది కాబట్టి విడి ఫొటోలో మిగిలిన తేడా కంటికి ఆనదు. అంచును అంచుతో కలిపినప్పుడు మాత్రం రెండు వైపుల మసకా ఒకేచోట చేరి చారగా బయటపడుతుంది. అందుచేత ఫొటో అంచునే అద్దంగా వాడకండి. ఇరువైపులా పదో వంతు చొప్పున కత్తిరించేసి, ఆ తరువాతే అద్దం గీతకు, అంటే ఫొటోనూ దాని ప్రతిబింబాన్నీ కలిపే గీతకు, తగిన చోటు వెతకండి.

వెతకడం అన్న మాటను తెలిసే వాడుతున్నాను. తిప్పడం, అతికించడం సాఫ్ట్‌వేర్ చేసే పని. గీత ఎక్కడ నిలవాలో తేల్చుకోవడం మాత్రం మీ పని. గీతకు లంబంగా వచ్చి తగిలిన కొమ్మ అతుకు తెలియకుండా అవతలి వైపుకు సాగిపోతుంది. పైకి లేస్తూ గీతను చేరే కొమ్మ తన జంటతో కలిసి శిఖరమవుతుంది, కిందికి వంగుతూ చేరేది మెడలో హారంలా వేలాడుతుంది. గీత మాను అంచును ఒరుసుకుంటూ వెళితే మాను రెండింతలు లావవుతుంది. మాను నడుమ నుంచి వెళితే లావు మారదు కానీ, బెరడు మీది ప్రతి ముడికీ ఒక కవల పుడుతుంది.

మీ ఫొటోలో ఎడమ నుంచి మూడో ఊడకు కాస్త కుడిగా గీత పెట్టి చూశాను. ఏటవాలుగా దిగిన ఆ ఊడ తన ప్రతిబింబంతో పైన కలిసి సన్నని ద్వారబంధంలా నిలిచింది. వెనుక ఉన్న పిసరంత ఆకాశం అందులో దీపం వెలుగులా వచ్చింది. అదే ఫొటోను నాలుగు డిగ్రీలు పక్కకు వంచి మళ్లీ తిరగేస్తే ద్వారం మూసుకుపోయి, బెరడు మీది ముడులు రెండు కళ్లై, గుడ్లగూబ ముఖం ఒకటి ప్రత్యక్షమైంది. నిలువు గీతకు ఇరువైపులా ఒకేలా ఉన్న దేనిలోనైనా ముఖాన్నో జంతువునో పోల్చుకోవడం మన కంటికి అలవాటు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు హెర్మన్ రోర్షాక్ 1921లో ప్రచురించిన పది సిరా మరకల కార్డులూ ఇలాంటి రెండు సమభాగాల బొమ్మలే. అదే గీతను అడ్డంగా పెడితే కన్ను దాన్ని నీటిలోని నీడగా సరిపెట్టుకుంటుంది, ముఖాలు చాలావరకు మాయమవుతాయి. చెరువు గట్టు ఫొటోతో ఆ పని చేస్తే చూసేవారికి అది ఉత్త చెరువే అవుతుంది.

ఇక జీవం లేకపోవడం గురించి. మీరు ఏటవాలు ఎండలో తీశారు. తిరగేసి కలిపాక వెలుతురు రెండు దిక్కుల నుంచీ పడుతున్నట్టయింది, నేల మీది నీడలు ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. చూసేవారు కారణం చెప్పలేకపోయినా ఏదో పొసగలేదని పసిగడతారు. మబ్బు పట్టిన రోజున తీసిన ఫొటోకు ఈ చిక్కు ఉండదు. విడిగా చూస్తే చప్పగా ఉందని మీరు పక్కన పడేసిన ఫొటోలే ఈ పనికి ఎక్కువగా అక్కరకొస్తాయి. అన్నీ కుదిరాక, మాస్క్ (చిత్రంలో కోరిన భాగాన్ని మాత్రమే దాచే సాధనం) సాయంతో ఒక పక్షినో ఎండుటాకునో ఒక వైపు మాత్రమే ఉంచి రెండో వైపు చెరిపివేయండి. చేత్తో వేసిన చుక్కల ముగ్గులో ఎడమ రేకూ కుడి రేకూ అచ్చంగా ఒకటి కావు, పరదా అచ్చులో అవుతాయి.

ప్రశ్న: నీళ్లలో నానబెట్టి ఈనెలు మాత్రమే మిగిల్చిన రావి ఆకును, మేఘాల ఫొటోను కలిపి ఒకే చిత్రం చేయాలనుకుంటున్నాను. ఒకదాని మీద ఒకటి పొరలుగా (లేయర్లుగా) పెట్టి పై లేయర్ పారదర్శకత పెంచితే రెండూ వెలిసిపోతున్నాయి. ఏం చేయాలి?
(ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: పారదర్శకత పెంచడమంటే రెండు ఫొటోలకూ సగటు తీయడమే, సగటులో నలుపూ తెలుపూ రెండూ బూడిద రంగు వైపు జరుగుతాయి. దానికి బదులు బ్లెండ్ మోడ్‌ను, అంటే పై లేయర్ కింది లేయర్‌తో కలిసే పద్ధతిని, మార్చండి. వాటిలో మల్టిప్లై అనేది పేరుకు తగ్గట్టే గుణకారం చేస్తుంది. తెలుపును 1గా, నలుపును 0గా అనుకుంటే, ఆకు వెనుక తెల్ల కాగితం ఉన్నచోట మేఘం 1తో గుణించబడి యథాతథంగా మిగులుతుంది, ఈనెలు ఉన్నచోట ముదురుతుంది. కత్తిరించే శ్రమ లేకుండానే కాగితం మాయమై, ఈనెల వల మేఘాల మీద పరచుకుంటుంది. రెండు నడిమి రంగులు కలిస్తే 0.5ను 0.5తో గుణించగా 0.25 వస్తుంది, అంటే చిత్రం మొత్తం మీద చీకటి పడుతుంది. అందుకే మేఘాల లేయర్‌ను ముందే కొంత వెలిగించి ఉంచుకోవాలి.

నల్లగుడ్డ మీద తెల్ల పువ్వును తీసినట్లయితే స్క్రీన్ మోడ్ వాడాలి. అది దీనికి తలకిందులు. అందులో నలుపు మాయమవుతుంది, అవే రెండు నడిమి రంగులు 0.75కు చేరి తేలికపడతాయి. ఒక్క జాగ్రత్త: కాగితం మీద ఆకు నీడ పడకుండా తీయండి. మల్టిప్లై కాగితాన్ని దాచిపెట్టగలదు కానీ, నీడను దాచలేదు.

ప్రశ్న: రెండు ఫొటోలు కలపడం మోసం కాదా? మా మిత్రబృందంలో దీని మీద గొడవే జరిగింది.
(ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: ఈ గొడవకు నూట అరవై ఏళ్లు దాటాయి. ఆనాటి నెగటివ్‌లు నీలి వెలుతురుకు మరీ ఎక్కువగా స్పందించేవి కాబట్టి, నేల సరిగా వస్తే ఆకాశం వెలవెలబోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ ల గ్రే 1850లలోనే సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి మరొక నెగటివ్ తీసి ఒకే కాగితంపై అచ్చువేశాడు. ఇంగ్లండులో ఆస్కార్ రెయ్‌లాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి కూర్చిన చిత్రాన్ని 1857లో మాంచెస్టర్‌లో ప్రదర్శిస్తే, నిందించినవారు ఒకవైపు నిందిస్తుండగానే విక్టోరియా రాణి ఒక ప్రతి కొనుక్కున్నది. నా మటుకు నాకు, కలిపానని చెప్పినంతవరకు మోసం లేదు. అయితే పోటీలకు పంపేటప్పుడు ప్రకృతి విభాగంలో మాత్రం వేయకండి. అక్కడ దృశ్యంలో లేనిదాన్ని చేర్చడం, ఉన్నదాన్ని తీసేయడం నిషిద్ధం. సృజనాత్మక విభాగం ఉంటే అందులో వేయండి.

ప్రశ్న: ఫోను ఫొటోతో చేసిన ఇలాంటి చిత్రాన్ని గోడకు పెట్టుకునేంత పెద్దగా అచ్చు వేయించవచ్చా?
(ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: 4000 × 3000 పిక్సెళ్ల ఫొటోలో 1500 పిక్సెళ్ల వెడల్పు గల పట్టీని తీసుకొని తిరగేసి కలిపితే 3000 × 3000 వస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అది పది అంగుళాల చదరం. గోడకు దూరం నుంచి చూసేదే కాబట్టి 200 చొప్పున వేయించినా ఇబ్బంది లేదు, అప్పుడు పదిహేను అంగుళాలు వస్తుంది. సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు, ఉచితంగా దొరికే గింప్ చాలు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపి తిరిగి తీసుకున్న ప్రతి మీద మాత్రం పని మొదలుపెట్టకండి. అది అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది.