పాత ఇల్లు కొనేముందు మరమ్మతుల లెక్క

చి. సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. గుంటూరు బ్రాడీపేటలో మీరు చూసిన ఇంటి ఫొటోలు అందాయి. రంగులకు, టైల్స్‌కు, కొత్త వంటగదికి ఎంతవుతుందని అడిగావు. ఆ మూడూ చివర్లో వచ్చే ఖర్చులు. ముందు వచ్చేవి నీ కాగితంలో ఒక్కటీ లేవు.

మొదట శ్లాబు. 1980లలో వేసిన శ్లాబు కాబట్టి గదిగదికీ తలెత్తి చూడాలి. తుప్పు మరకలు, చువ్వల వెంబడి సన్నటి పగుళ్లు, పెచ్చులూడిన చోట్లు ఉన్నాయేమో గమనించు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకే కింది కాంక్రీటు పగిలి ఊడుతుంది. చిన్న సుత్తితో తట్టిస్తే చెడిన చోట డొల్ల చప్పుడు వినిపిస్తుంది. ముఖ్యంగా మేడ మీది బాత్రూముల కింద, సజ్జల కింద, నీళ్ల ట్యాంకు కింద తట్టించు. ఒకటి రెండు చోట్లయితే చెడిన కాంక్రీటు చెక్కేసి, చువ్వలు శుభ్రం చేసి బాగుచేయవచ్చు. తుప్పు చువ్వను సగానికి సగం తినేసి ఉంటే మాత్రం మరమ్మతు మాట మరచిపో. ఇంకో సంగతి, అమ్మకానికి ముందు ఫాల్స్ సీలింగ్ పెట్టించిన పాత ఇల్లంటే నాకు అనుమానమే. పైన పటారం, లోన లొటారం. ఒక పలక తీయించి చూడనివ్వకపోతే ఆ ఇల్లు వదిలేయ్.

గోడల పగుళ్లన్నిటికీ భయపడనక్కర్లేదు. వెంట్రుకవాసి గీతలు పూతకు సంబంధించినవి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగిన పగులు కనిపిస్తే మాత్రం పునాది కదిలిందేమోనని అనుమానించాలి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. అది ఎండకు కుంచించుకుపోతుంది, వానకు ఉబ్బుతుంది. అలాంటి పగులుకు అడ్డంగా చిన్న గాజు ముక్కను సిమెంటుతో అతికించి, తేదీ రాసిపెట్టండి. గాజు పగిలిందంటే గోడ ఇంకా కదులుతోందన్నమాట. ఇంటివాళ్లు ఒప్పుకోకపోతే పగులు రెండు చివర్లా పెన్సిలు గీత గీసి రా.

వీధి మట్టం చూశావా? వేసిన రోడ్డు మీదే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోవడంతో పాత ఇళ్ల నేల రోడ్డు కంటే కిందికి దిగిపోయింది. నేల ఒక అడుగు లేపుదామంటే మట్టి, కాంక్రీటు ఖర్చుతో పోదు. ఏడడుగుల గుమ్మం ఆరడుగులవుతుంది. అల్లుడుగారి ఎత్తుకు తల తగులుతుంది! గుమ్మాలు, వంటగట్టు, బాత్రూములు అన్నీ మార్చాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

పాత జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు, లోపల తుప్పుతో పూడుకుపోయి ఉంటాయి. రెండు బాత్రూముల్లో కుళాయిలు ఒకేసారి తిప్పి, ధార సన్నబడుతుందేమో చూస్తే తెలుస్తుంది. గోడల్లోని పైపులు మార్చాలంటే టైల్స్ పగలాలి, కనుక బాత్రూమును మొత్తంగానే లెక్క వేసుకో. వైరింగు సంగతీ అంతే. ఫ్యాన్లకూ దీపాలకూ వేసిన తీగల మీద రెండు ఏసీలు, గీజరు నడపడం ప్రమాదం. ఎర్తింగుతో సహా కొత్తది వేయించాలి. చెదలు ఎలాగూ చూస్తావు.

ఇక కొలతలు. రంగులకు నేల వైశాల్యం పట్టుకుని లెక్క వేయకు. 12 అడుగులకు 10 అడుగుల గదిలో నేల 120 చదరపు అడుగులు. పదడుగుల ఎత్తున్న గోడలు 440, సీలింగు 120, మొత్తం 560. తలుపులు, కిటికీలు తీసేసినా నేలకు నాలుగింతలు! ఇలా ప్రతి పనికీ కొలత నువ్వే రాసుకుని, ఒకే కాగితం ముగ్గురు మేస్త్రీలకు ఇవ్వు. కూలి వేరుగా, సామాను వేరుగా చెప్పమను. 'మొత్తం కలిపి ఇంత' అనేవాడి లెక్కలో ఏమి ఉందో, ఏమి లేదో పని మొదలయ్యాక గానీ బయటపడదు. శిథిలాలు ట్రాక్టరులో తోలించడం, పని జరిగినన్నాళ్లూ మీ అద్దె కూడా కలుపు. వచ్చిన మొత్తానికి నాలుగో వంతు అదనంగా పక్కన పెట్టు. పాత గోడ పగలగొడితే గానీ లోపల ఏముందో తెలియదు. రిజిస్ట్రేషన్ ఖర్చుల డబ్బు దీనిలోంచి తీయవద్దు.

అమ్మేవారు స్థలం ధర, కట్టడం ధర కలిపి చెబుతారు. శ్లాబు చెడినట్టు తేలితే కట్టడానికి ధర కట్టకు, పైగా పడగొట్టే కూలి స్థలం ధరలో తగ్గించమను. శ్లాబు గట్టిగా ఉంటే పైపులు, వైరింగు లెక్క చూపించి బేరమాడు. నోటిమాట కంటే మేస్త్రీ రాసిచ్చిన కాగితానికి విలువ ఎక్కువ.

ఒక పెద్ద వాన పడ్డాక మరోసారి చూసేవరకు బయానా ఇవ్వకండి. ఈలోగా మంజూరైన ప్లాను, ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), ఇంటిపన్ను రసీదుల నకళ్లు తెప్పించు. ఇంజినీరును నేను పంపిస్తాను, అతని ఫీజుకు వెనకాడవద్దు.

ఇట్లు,
మీ పెదనాన్న