కొండ మీద షెల్టర్‌కి వెదురా, స్టీలా? రెండూ వద్దు

“బెంగళూరు దగ్గరి కొండల మీద ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్లు ఎండకీ వానకీ తలదాచుకోవడానికి, పర్యావరణానికి చేటు లేని షెల్టర్ కట్టాలంటే వెదురు మంచిదా, స్టీలు మంచిదా?” అని అడిగారు. రెండూ కాదు. రాతి కూసాలు (నిలువు స్తంభాలు) పాతి, పైన బండలు పరవండి.

నేను బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యలో ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను. షెడ్లు, పార్కింగ్ కప్పులు, మెట్ల రెయిలింగులు. స్టీలు మీద బతికేవాణ్ణే స్టీలు వద్దంటున్నానంటే కాస్త ఆలోచించండి.

ఒక వేసవిలో, మామిడి వానలు పడే రోజుల్లో, కోలారు వైపు ఒక కొండ మీది వ్యూ పాయింట్ షెల్టర్‌కి రేకులు లేచిపోయాయని రిపేరుకి పిలిచారు. కట్టింది వేరేవాళ్లు, ఎవరన్నది ఇక్కడ అనవసరం. పైకెక్కి చూస్తే పర్లిన్లు, అంటే రేకుల్ని మోసే అడ్డ కమ్మీలు, చెక్కుచెదరలేదు. స్క్రూలు కూడా రబ్బరు వాషర్లతో సహా వాటికే బిగుసుకుని ఉన్నాయి. రేకు మాత్రం లేదు. బొత్తాలు అలాగే ఉండి కాజాలు తెగిన చొక్కాలా అయింది దాని పని. ఒక రేకు కింద తుప్పల్లో మడతపడి దొరికింది. స్క్రూ కాడ పట్టేంత ఉండాల్సిన బెజ్జం రూపాయి బిళ్లంత అయింది. స్తంభాల బేస్ ప్లేట్లని నేరుగా బండకి బోల్టులతో బిగించారు. వాన నీళ్లు జారిపోయే దారి వదల్లేదు. తుప్పు పొరలు పొరలుగా లేచి గోటితో గీకితే ఊడొస్తోంది.

దానికి కాస్త దిగువన పాత రాతి మంటపం ఒకటుంది. ఎవరు కట్టించారో ఊళ్లో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం మేమంతా అక్కడే కూర్చుని అన్నం తిన్నాం. ఎండ మాడ్చేస్తున్నా బండ కింద చల్లగానే ఉంది. అంత మందం రాయికి వేడి కిందికి దిగాలంటే గంటలు పడుతుంది. రేకైతే పది గంటలకే పెనం. బండలో బెజ్జాలు వేయడానికి మాతో ఒక వడ్డె పెద్దాయన వచ్చాడు. బెంగళూరు చుట్టుపక్కల రాతి పని చేసే వడ్డెరల్లో చాలామంది ఇళ్లలో తెలుగే. ఆయన కప్పుబండ అంచు చూపించాడు. పొడవునా వరసగా సగం సగం గాట్లు, చీలలు దిగ్గొట్టి రాయిని చీల్చిన గుర్తులు. సిమెంటు లేదు, ఒక్క ఇనుప మేకు లేదు. బండ ఊరికే కూసాల మీద కూర్చుని ఉంది.

“గాలికి లేవదా పెద్దాయనా?” అన్నాను.

“లేపనీలే సామీ, దాని నడుమే ఇరుగుతాది” అన్నాడు.

ఇంటికొచ్చి లెక్క వేశాను. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కగట్టే మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 కోడు మూడో భాగం ప్రకారం బెంగళూరులో గాలి వేగం సెకనుకి 33 మీటర్లు పెట్టుకుని డిజైన్ చేయాలి. ఆ వేగానికి చదరపు మీటరు మీద దాదాపు 65 కిలోల తోపు, అంటే గాలి నెట్టే బలం, పడుతుంది. కొండ కొమ్మున ఆ వేగాన్ని 1.36 రెట్ల వరకు హెచ్చించమంటుంది కోడు. తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 120 కిలోలు దాటుతుంది. గోడల్లేని కప్పు అంటే గాలి కిందినుంచి కూడా ఎత్తుతుంది. రేకు బరువు చదరపు మీటరుకి 5 కిలోలు. నాలుగంగుళాల గ్రానైట్ బండ 260. ఇక స్క్రూలతో పనేముంది? చెన్నైలో అయితే ఆ 33 కాస్తా 50, రేకు సంగతి చెప్పనక్కర్లేదు.

వెదురు గురించి కూడా చెప్పాలి. ఈమధ్య ‘ఎకో’ అని బోర్డు పెట్టిన ప్రతిచోటా వెదురే. బోరాక్స్, బోరిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టని వెదురుకి పుచ్చు పడుతుంది, చిటికేస్తే పిండి రాలుతుంది. నానబెట్టినదైనా వానలో తడవకుండా పైన మంచి కప్పు ఉండాలి. తాటాకు వేస్తే కోతులు ఒక్క ఆదివారంలో పీకి పందిరి వేస్తాయి. కోతుల్ని లెక్కలోకి తీసుకున్న ఆర్కిటెక్ట్‌ని నేనింతవరకు చూడలేదు.

ఇంకొక గోల. క్లయింట్లు ఫోన్లో స్విట్జర్లాండ్‌లోని మోంటే రోజా హట్ ఫోటో చూపించి ఇలాంటిది కావాలంటారు. 2,883 మీటర్ల ఎత్తున, మంచులో, రాత్రి పడుకునేవాళ్ల కోసం 2009లో కట్టింది అది. చెక్క భాగాలు కింద తయారుచేసి హెలికాప్టర్లలో మోశారు, పైన అల్యూమినియం తొడిగారు, సోలార్ పెట్టారు. అక్కడికి అది సబబే. మన కొండకి వచ్చేవాడు తెల్లారుజామున ఎక్కి, సెల్ఫీ దిగి, టిఫిన్ వేళకి దిగిపోతాడు. వాడికి కావాల్సింది అరగంట నీడ, తాగే నీళ్లు, ఆడవాళ్లకి ఒక బాత్రూం. ఆ బాత్రూం మాత్రం ఎవరి డ్రాయింగులోనూ ఉండదు.

సరే, రాయి ఎక్కడిది అంటారా? కొండని మాత్రం తవ్వొద్దు. పొలాల కంచెలకి అమ్మే రాతి కూసాలు ఈ చుట్టుపక్కల ఎక్కడైనా దొరుకుతాయి. పాత బండల మిద్దెలు కూలగొట్టినప్పుడు మందపాటి బండలు చవగ్గా వస్తాయి. బెంగళూరు దగ్గరి జిగణిలో గ్రానైట్‌కి పాలిష్ పట్టే యార్డుల్లో మిగిలే ముక్కలు కప్పుకి పనికిరావు, మరీ పల్చన. కింద అరుగుకి వాడుకోండి. కూసానికీ కూసానికీ మధ్య ఆరడుగులు మించనివ్వకండి, రాయి వంగదు, విరుగుతుంది. ఈ సలహా బెంగళూరు వైపుకే. భూకంపాల భయం ఉన్న హిమాలయాల్లో ఇంత బరువు నెత్తిన పెట్టడం తప్పు.

అన్నిటికంటే ముఖ్యం, కొండ నెత్తిన కట్టకండి. కాస్త దిగువన, గాలి నేరుగా కొట్టని వైపు కట్టండి. తోపూ తగ్గుతుంది, పిడుగు భయమూ తగ్గుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉరుము వినిపిస్తే గోడల్లేని ఏ షెల్టరూ, రాతిదైనా సరే, మిమ్మల్ని కాపాడదు, కిందికి దిగిపోవాల్సిందే. ఈ మాట అక్కడ బోర్డు మీద కన్నడంలో, తెలుగులో పెద్దక్షరాలతో రాయించండి. వ్యూ కోసమని కొమ్ము మీదే కావాలంటారు కమిటీవాళ్లు, ఒప్పుకోకండి.

బండలని ఒకవైపుకి కాస్త వాటం పెట్టి పరిచి, సందుల్లో సున్నం, ఇటుక పొడి కలిపి కూరించండి. లేకపోతే వాన ఆగిపోయాక కూడా నెత్తిన కారుతూనే ఉంటుంది.