అమెరికా వీసాతో మెక్సికోలో ఎంబీబీఎస్ చదవొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి నీట్‌లో అర్హత వచ్చింది కానీ సీటు రాలేదు. మా అమ్మాయి డాలస్‌లో ఉండటంతో ఇంటిల్లిపాదికీ అమెరికా పదేళ్ల విజిటర్ వీసా ఉంది. మెక్సికోలో ఓ ప్రభుత్వ యూనివర్సిటీలో తక్కువ ఫీజుతో ఎంబీబీఎస్ చేయొచ్చని, అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా అక్కర్లేదని, అక్కడ దిగాక స్టూడెంట్‌గా మార్పిస్తామని చెప్పి ఓ కన్సల్టెన్సీ వాళ్లు రెండు లక్షలు అడ్వాన్స్ తీసుకున్నారు. మిగతాది ఈ నెలలో కట్టమంటున్నారు. వాళ్లిచ్చిన అడ్మిషన్ లెటర్ జిరాక్స్ పంపుతున్నాను. కట్టొచ్చా?
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: కట్టకండి.

వాళ్లు చెప్పినదాంట్లో సగం నిజమే, చిక్కంతా అక్కడే. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మనవాళ్లు మెక్సికోకి వేరే వీసా లేకుండా వెళ్లొచ్చు, గరిష్ఠంగా 180 రోజులు ఉండొచ్చు. కానీ వెళ్లేది విజిటర్‌గా. అలా దిగినవాళ్లు అక్కడే ఉండి రెసిడెంట్‌గా, అంటే స్టూడెంట్ల లాగా ఆర్నెల్లకి మించి ఉండేవాళ్లుగా, మారడం కుదరదని మెక్సికో 2011 నాటి వలస చట్టం 53వ ఆర్టికల్ చెబుతోంది. మెక్సికో పౌరులతోనో, అక్కడ రెసిడెంట్లుగా ఉన్నవాళ్లతోనో కుటుంబ బంధం ఉన్నవాళ్లకీ, మానవతా కారణాలపై ఉంటున్నవాళ్లకీ మాత్రమే మినహాయింపు. అక్క డాలస్‌లో ఉంటే అది లెక్కలోకి రాదు. ఆర్నెల్ల లోపు కోర్సైతే విజిటర్‌గానే కానిచ్చేయొచ్చు. డాక్టరు చదువు అలా అయ్యేది కాదుగా.

సరైన దారి వేరు. యూనివర్సిటీ ఇచ్చిన అడ్మిషన్ లెటర్‌తో ఢిల్లీలోని మెక్సికో ఎంబసీలో స్టూడెంట్ రెసిడెంట్ వీసాకి పెట్టుకోవాలి. ఆ లెటర్‌లో కోర్సు పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫీజు స్పష్టంగా ఉండాలి. మీరు పంపిన జిరాక్స్ చూశాను. కోర్సు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషులో 'మెడికల్ ప్రోగ్రామ్' అని మాత్రమే ఉంది. తేదీలు లేవు. రిజిస్ట్రార్ సంతకం పక్కన కన్సల్టెన్సీ వాళ్ల సొంత రబ్బరు స్టాంపు పడింది! నేనైతే దీన్ని ఎంబసీ కౌంటర్ దాకా కూడా తీసుకెళ్లను.

వీసా వచ్చినా, దిగిన 30 రోజుల్లో వలస కార్యాలయంలో దాన్ని రెసిడెంట్ కార్డుగా మార్చుకునే పని మొదలుపెట్టాలి. దాన్ని 'కాన్హె' అంటారు. ఎయిర్‌పోర్టులో వేసే ముద్రలో ఆ మాట, 30 అంకె ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. అధికారి అలవాటుకొద్దీ టూరిస్టులకిచ్చే 180 రాసేస్తే తర్వాత తిప్పలు మనవే.

ఇవన్నీ సరిపెట్టుకున్నా, అసలు గండం భాషతో ఉంది. మెక్సికో ప్రభుత్వ యూనివర్సిటీల్లో వైద్యవిద్య స్పానిష్‌లో చెబుతారు. మన నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశీ డిగ్రీకి కనీసం 54 నెలల కోర్సు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండాలి, బోధన ఇంగ్లిషులో జరగాలి. ఈ మూడోదాని దగ్గరే ఆగిపోతాం. 'వెళ్లాక స్పానిష్ నేర్పించేస్తాం' అని కన్సల్టెన్సీ భరోసా ఇస్తే అది ఇంకా ప్రమాదం. స్పానిష్‌లో చదివి పాసైన కుర్రాడికి ఇక్కడ ప్రాక్టీసుకి రిజిస్ట్రేషన్ రాదు.

అక్కడి యూనివర్సిటీలు తక్కువవని నేననడం లేదు. మెక్సికో సిటీలోని జాతీయ యూనివర్సిటీ యూనమ్‌లో స్వదేశీ విద్యార్థులకి ఏడాది రుసుము 20 సెంటావోలు, అంటే పెసోలో ఐదో వంతు. మీకు చూపించిన 'తక్కువ ఫీజు' బహుశా ఇలాంటి లెక్కల్లోంచే పుట్టి ఉంటుంది. విదేశీయులకి రేటు వేరు, పైగా సీటు ప్రవేశ పరీక్షలో తెచ్చుకోవాలి. డబ్బు కట్టి సీటు పట్టే పద్ధతి లేదు. మెడిసిన్ కాకుండా మరేదైనా చదవాలనుకుంటే, ముందు ఏడాది స్పానిష్ మీద కూర్చోమనండి. ఇంటర్ మెమోలకి మన విదేశాంగ శాఖ అపోస్టిల్ (విదేశాల్లో పత్రం చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించుకోవాలి.

ఇక మీ రెండు లక్షలు. అక్కడ దిగాక స్టూడెంట్‌గా మార్పిస్తామన్న మాట, ఎంబీబీఎస్ ఇక్కడ చెల్లుతుందన్న మాట రెండూ రాతపూర్వకంగా ఇవ్వమని ఈమెయిల్‌లో అడగండి. ఏం జవాబిచ్చినా, అసలు ఇవ్వకపోయినా మీకు సాక్ష్యమే. తర్వాత లాయర్ నోటీసు ఇప్పించండి, అప్పటికీ తిరిగివ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయండి. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఉండదు, కేసు వేయడానికి రెండేళ్ల గడువు ఉంటుంది. తెలిసే అబద్ధం చెప్పారని తేలితే భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం కేసు కూడా పెట్టొచ్చు. అయితే అబ్బాయి పాస్‌పోర్టు, ఒరిజినల్ మెమోలు వాళ్ల దగ్గరుంటే మాత్రం ఈమెయిల్ పంపకముందే ఏదో సాకు చెప్పి తెచ్చేసుకోండి.