మందు తాగి బండి నడిపితే ఎంతవరకు చట్టం ఒప్పుకుంటుంది?

మన దేశంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం. బైకుకైనా, లారీకైనా ఇదే లెక్క.

కడుపులోంచి రక్తంలో కలిసిన ఆల్కహాల్ ఊపిరితిత్తుల గాలిలోకీ చేరుతుంది. బ్రీత్ అనలైజర్ ఆ గాలిని కొలిచి, రక్తంలో ఎంత ఉందో అంకెలో చూపిస్తుంది. అందుకే గట్టిగా, ఆపకుండా ఊదమంటారు. ఊదనని మొండికేసినా లాభం లేదు. వారెంట్ లేకుండా అరెస్టు చేయొచ్చు, ఆ నిరాకరణ కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది.

ఉదాహరణకు, 70 కిలోల మనిషి 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు (7 శాతం) ఒక్కటి తాగితే రక్తంలో సుమారు 70 మిల్లీగ్రాములు చేరొచ్చు. లివర్ గంటకు దాదాపు 15 మాత్రమే తగ్గిస్తుంది. అంటే 30కి దిగడానికే రెండున్నర, మూడు గంటలు. బరువు తక్కువైతే, ఖాళీ కడుపున తాగితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది.

మొదటిసారి పట్టుబడితే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా కనీసం 6 నెలలు రద్దు చేయాలని చట్టం కోర్టుకు చెబుతోంది.

చాలామంది దీన్ని హెల్మెట్ చలానాలా ఆన్‌లైన్‌లో కట్టేసి బయటపడొచ్చనుకుంటారు. కుదరదు, కోర్టుకు వెళ్లాల్సిందే. సోంపు, యాలకులు నమిలినా, కాఫీ తాగినా వాసన మారుతుందేమో గానీ మిషన్‌లో అంకె మారదు.