ఉప్పు డబ్బా చెమరుస్తోందా?

ప్రశ్న: మేడం, మాది విశాఖలో లాసన్స్ బే కాలనీ, సముద్రం నడిచెళ్ళేంత దూరం, మూడో అంతస్తు ఫ్లాటు. జులై వచ్చిందంటే చాలు బీరువా వెనక గోడ నల్లగా మచ్చలు కట్టేస్తోంది, తోలు చెప్పులు బెల్టులు బూజు పట్టేస్తున్నాయి, బీరువా తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. గాలి తగలాలని పొద్దున్నించి రాత్రిదాకా కిటికీలన్నీ బార్లా తీసే ఉంచుతున్నాను, గిన్నెల్లో కళ్ళుప్పు పోసి మూలమూలా పెట్టాను, నెలైనా ఏం తేడా లేదు. పెయింటరేమో వాటర్‌ప్రూఫ్ రంగు వేయించేయండి అంటున్నాడు. వేయించమంటారా?
- ఓ గృహిణి, విశాఖపట్నం

జవాబు: రంగు ఇప్పుడే వద్దండీ. మా ఇంట్లో నేనూ ఆ పనే చేశా, గోడ చెమ్మగా ఉండగానే దాని మీద ఖరీదైన రంగు కొట్టించేశాం, మరుసటి ఏడు వానలకి ఆ రంగు అప్పడంలా పొంగి వేలితో నొక్కితే ఫట్‌మని విరిగింది, లోపల గోడ ఎప్పట్లాగే తడి. ముందు నీళ్ళు గోడలోంచి వస్తున్నాయా గాలిలోంచి వస్తున్నాయా తేల్చుకోండి. బీరువా ముందుకి జరిపి, అడుగు చదరం ప్లాస్టిక్ షీటు ఒకటి ఆ మచ్చల మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేసేసి రెండ్రోజులు వదిలేయండి. షీటు పైన, అంటే గది వైపు, తడి తగిలితే అది గాలిలోని తేమ. షీటు వెనక గోడ వైపు నీటి బొట్లు కడితే గోడే తడిసి ఉందన్నమాట, పైవాళ్ళ బాత్రూమో, పైపో, బయటి గోడలో పగులో. మే నెల ఎండల్లో కూడా మచ్చ ఆరలేదంటే మాత్రం పరీక్ష కూడా అక్కర్లేదు, నేరుగా ప్లంబర్ని పిలవండి.

మీ ఇంట్లో చెప్పులకి కూడా బూజు పడుతోందంటున్నారు కాబట్టి నా అనుమానం గాలి మీదే, ఇంకా చెప్పాలంటే ఆ బార్లా తీసిన కిటికీల మీదే. ఏసీ కార్లోంచి దిగగానే కళ్ళజోడు మసకబారుతుంది కదా, మీ బీరువా వెనక జరుగుతున్నదీ అదే. మీ ఊళ్ళో వానాకాలం బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ అంటే మామూలు రోజే. ఆ గాలి లోపలికొచ్చి ఎండ తగలని, 26 డిగ్రీలకి చల్లబడ్డ గోడకి తగిలిందనుకోండి, అక్కడ తేమ వందకి చేరిపోతుంది, గోడకి చెమటలు పడతాయి. రాత్రంతా 22లో ఏసీ వేసుకుని పొద్దున్నే ఆపేసి కిటికీలు తీసేస్తారు చూడండి చాలామంది, వాళ్ళ గదుల్లో ఇది మరీ ఎక్కువ.

ఇక ఉప్పు. మామూలు ఉప్పు సుమారు 75 శాతం తేమ దాటితే గానీ నీళ్ళు పీల్చదు, కళ్ళుప్పయితే అందులోని మెగ్నీషియం వల్ల ఇంకాస్త ముందే చెమరుస్తుంది. పీల్చినా ఓ గదికి గిన్నెడు ఉప్పు ఏ మూలకి? అందుకని అది మందు కాదు, మీటరు. వంటింట్లో ఉప్పు డబ్బా గలగలలాడుతుంటే కిటికీలు తీయండి, ముద్ద కట్టి అడుగున నీరు చేరిందంటే మూసేయండి. నమ్మకం కుదరకపోతే నాలుగైదొందలు పెడితే గదిలో తేమ శాతం చూపించే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ దొరుకుతుంది, 60 లోపు ఉంటే మంచిది, రోజుల తరబడి 70 పైనే ఉంటే బూజుకి పండగ.

ఇంట్లో మనమే పోసే నీళ్ళ సంగతి ఎవరూ అడగరు. వాషింగ్ మెషీన్లోంచి తీసిన ఒక వాయి బట్టల్లో పిండాక కూడా సుమారు రెండు లీటర్ల నీళ్ళుంటాయి, వాటిని హాల్లో తాడు మీద ఆరేసి ఫ్యాను వేస్తే బట్టలు ఆరతాయి నిజమే, ఆ రెండు లీటర్లు ఎక్కడికి పోతాయి మరి, మీ బీరువా వెనక్కే. ముసురు పట్టిన రోజుల్లో బట్టలు బాత్రూంలో వేసి తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాను వదిలేయండి, తలుపు కింద వేలెడు సందు ఉండాలి, లేకపోతే ఫ్యాను తిరగడమే గానీ గాలి కదలదు. వంటింట్లో కూడా అన్నం వార్చేటప్పుడు ఎగ్జాస్ట్ వేసుకుని, వంటయ్యాక ఇంకో పావుగంట తిరగనివ్వండి.

ఏసీ ఉంటే దాన్లో డ్రై మోడ్ ఉంటుంది, నీటి బొట్టు గుర్తు, మధ్యాహ్నం కిటికీలు మూసి ఒకట్రెండు గంటలు వేసి పైపు కింద బకెట్ పెట్టి చూడండి, మీ గదిలో ఎన్ని నీళ్ళున్నాయో మీకే తెలుస్తుంది. ఏసీ లేకపోతే గాలిలోంచి తేమ లాగే మెషీను, కంప్రెసర్ ఉన్న డీహ్యూమిడిఫయర్ కొనుక్కోవచ్చు, రోజుకి లీటర్ల లెక్కన లాగుతుంది, ధర మాత్రం పది వేలు దాటుతుంది. రెండు మూడు వేలకి ముచ్చటగా కనిపించే బుల్లి మెషీన్లు కొనకండి, అవి రోజంతా తిరిగినా గ్లాసుడు నీళ్ళు తీయడం గగనం. బీరువాలోకైతే తేమని పీల్చే కాల్షియం క్లోరైడ్ ఉన్న డబ్బాలు పనికొస్తాయి, నీళ్ళతో నిండగానే పారబోయాలి, ఒలికితే బట్టలు పాడవుతాయి, పిల్లలకి అందకూడదు. నాఫ్తలీన్ ఉండలు పురుగులకే గానీ బూజుకి కాదు.

బీరువాని గోడకి జానెడు దూరం పెట్టండి. గంజి పెట్టిన నేత చీరలు వానాకాలం లోపల దాచకండి, గంజంటే బూజుకి విందు భోజనం, ఉతికి గంజి లేకుండానే మడతపెట్టండి. ఉన్న మచ్చల్ని పొడిగుడ్డతో దులపకండి, ఇల్లంతా ఎగురుతుంది, మాస్కు కట్టుకుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. బ్లీచింగ్ వాడితే దాన్లో బాత్రూం యాసిడ్ పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది. గోడ పూర్తిగా ఆరాక, ఎండల్లో, అప్పుడు పిలవండి మీ పెయింటర్ని.

ప్రశ్న: ఏప్రిల్‌లో మా కూలర్ ఏసీలా పనిచేసింది. ఇప్పుడు వేస్తే ఒళ్ళంతా జిడ్డు, అప్పడాలు మెత్తబడుతున్నాయి, దుప్పట్లు కూడా చల్లగా తడితడిగా ఉంటున్నాయి. రిపేరుకివ్వాలా?
- ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కూలర్‌కి ఏం రోగం లేదు బాబూ, కాలం మారింది. అది నీళ్ళని ఆవిరి చేసి చల్లబరుస్తుంది, ఎండాకాలం మీ ఊరి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ ఆవిరిని మింగేస్తుంది, వానలు పడ్డాక గాలికే కడుపు నిండిపోయింది, ఇంకెక్కడ పడుతుంది? పంపు ఆపేసి ఉత్త ఫ్యానులా వాడుకోండి. ట్యాంకులో నీళ్ళు మాత్రం ఇవాళే వంపేసి అడుగు తోమి ఎండబెట్టండి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది అలాంటి నిలవ నీళ్ళలోనే.

ప్రశ్న: అక్కా, మేము న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ ఇచ్చిన పట్టుచీరలు బేస్‌మెంట్‌లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. అక్కడ వాసనొస్తోందని ఎండాకాలం కిటికీలు తీసి పెడుతుంటే ఇంకా ఎక్కువైంది.
- ఓ సోదరి

జవాబు: విశాఖ ఆవిడకి చెప్పిందే నీకూనమ్మా. జులైలో మీకు బయట ఉక్క, కింద బేస్‌మెంట్ గోడలు చల్లన, కిటికీ తీయడమంటే ఆ ఉక్కని పిలిచి కూర్చోబెట్టడమే. మూసేసి డీహ్యూమిడిఫయర్ 50 శాతంలో పెట్టు. వాన పడుతున్నప్పుడు ఒకసారి బయటికెళ్ళి చూడు, కప్పు మీది నీళ్ళు దిగే గొట్టం పునాది పక్కనే పోస్తుంటే దాన్ని నాలుగైదు అడుగులు దూరం పొడిగించు, బట్టల డ్రయ్యర్ గొట్టం ఊడి లోపలికి ఊదుతోందేమో కూడా చూడు. చలికాలం మాత్రం ఇదంతా తిరగబడుతుంది, చల్లగాలిలో తేమే తక్కువ కాబట్టి అప్పుడు కాసేపు కిటికీ తీస్తే ఇల్లు ఆరుతుంది.

ట్రంకు మాత్రం ఈ శనివారమే పైకి తెప్పించు. చీరలకి ప్లాస్టిక్ కవర్లుంటే తీసేసి, నీడలో ఓ పూట ఆరేసి, మడతలు మార్చి, పాత మల్లు పంచె ఉంటే దాన్లో చుట్టి పడగ్గది అల్మారాలో పెట్టుకో.