ముందు ఒక్క ఊరికి వెళ్దాం, చిట్టీ

చిట్టికి,

ప్రభువు నామంలో పెద్దమ్మ శుభాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "నేనున్నాను నన్ను పంపుము" అన్న యెషయా ప్రవక్త మాట విన్న రాత్రి నుంచి నిద్ర పట్టడం లేదన్నావు. ఉద్యోగం మానేసి, నాతోపాటు కుష్టురోగులకు సేవ చేయడానికి ఒడిశాలోని గుణుపురం వచ్చేస్తానన్నావు. చాలా సంతోషం తల్లీ. కానీ రాజీనామా ఇప్పుడే ఇవ్వకు. పర్లాకిమిడిలో రైలెక్కి ప్రతి ఆదివారం ఇక్కడికి రా. ఆరు నెలలు, ఒకే ఊరు, అవే ఇళ్ళు.

ఎందుకంటున్నానో విను. నర్సుగా చేరిన కొత్తలో ఒక సవర గిరిజనుల ఊళ్ళో కుష్టుతో పాదాలకు స్పర్శ పోయిన అవ్వ ఉండేది. పుండు కడిగి కట్టు కట్టి, వచ్చే గురువారం వస్తానని చెప్పాను. ఆ గురువారం వాన. తర్వాతి గురువారం చుట్టాల పెళ్ళి. మూడో వారం వెళ్తే, అవ్వ ఊరి మొదట్లో చింతచెట్టు కింద కూర్చుని ఉంది. ప్రతి గురువారం అక్కడే కూర్చుందట. కాలికి నేను కట్టిన కట్టే, నల్లబడిపోయి ఉంది. విప్పితే పురుగులు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ ఆ చెట్టు దాటుతుంటే గుండె పట్టేస్తుంది.

బైబిల్లో, దారిలో గాయపడి ఉన్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథలో నూనె, ద్రాక్షారసం గురించే ఎక్కువగా చెబుతారు. అతను పూటకూళ్ళవాడికి రెండు దేనారాలిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు ఇస్తానన్నాడు కదా, నేను పట్టుకున్నది ఆ మాట.

పని ఇలా ఉంటుంది. పాదాన్ని మామూలు నీళ్ళలో అరగంట నానబెట్టాలి. వేడినీళ్ళు వద్దు, కాలినా వాళ్ళకు తెలియదు. గట్టిపడ్డ చర్మం మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాయాలి. అరికాలు నీ కళ్ళతో చూడు, వేళ్ళ సందుల్లో ముల్లు దాక్కుంటుంది. మందు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే, జబ్బు రకాన్నిబట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడాలి. మధ్యలో మానేయకుండా చూసుకోవాలి.

సవర భాష నేర్చుకో. తెలుగు, ఒడియా సంతలో సరిపోతాయి గానీ, నొప్పి చెప్పుకోవడానికి సరిపోవు. గిడుగు రామమూర్తి పంతులుగారు మన సంఘంవారు కాకపోయినా పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, 1938లో నిఘంటువు వేయించారు.

ఇంకొకటి. మందుకీ ప్రార్థనకీ ముడి పెట్టకు. ఆశ చూపి మతం మార్చకూడదని ఒడిశాలో 1967 నుంచి చట్టముంది. చట్టం లేకపోయినా మనం చేయకూడదు. యేసు పదిమంది కుష్టురోగుల్ని బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చాడు. మిగతా తొమ్మిదిమందికి ఇచ్చిన స్వస్థత ఆయన వెనక్కి తీసుకోలేదు.

అమ్మకి చెప్పి రా, ఆమె టెన్షన్ పడుతుంది. అడుగు గట్టిగా ఉన్న చెప్పులు తెచ్చుకో. మొదటి రోజు మాత్రం ఎవరికీ మళ్ళీ వస్తానని మాటివ్వకు.

మీ పెద్దమ్మ